హార్డ్ డిస్కులో చల్లబడ్డ డప్పు

ముందే చెప్పేస్తున్నాను. దయ్యాలు, గాలి సోకడాలు, ఇలాంటివేవీ నేను నమ్మను. నమ్మితే నా దుకాణం మూసుకోవాలి. మెట్‌పల్లిలో నాది రిపేరు షాపు. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, మిక్సీలు, టీవీలు. "దీంట్ల ఏదో సొచ్చింది ఖాజా భాయ్, దానంతటదే మోగుతుంది" అంటూ జనం తెచ్చే పెట్టెలను విప్పి చూడటమే నా బతుకు.

విప్పినప్పుడల్లా లోపల నిజంగానే ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి బల్లి. ఒకసారి చీమలు, గుడ్లతో సహా. ఎక్కువసార్లు ఊడిపోయిన టాంకా, అంటే తీగల సోల్డరింగ్ అతుకు. ఒకాయన ఇంట్లో స్పీకర్లు ఆపేసినా గొణుగుతున్నాయని ఇంటిల్లిపాదీ వాటికి దిష్టి తీశారు. తీరా చూస్తే పక్కింటివాళ్ల తీగను ఎలుక కొరికి, అది వీళ్ల తీగకు ఆనుకుని ఉంది. ఆ స్పీకర్లు గొణిగింది పక్కింటివాళ్ల సీరియల్.

అలాంటి నేను ఒక హార్డ్ డిస్కును గడ్డిమంట మీద పట్టుకుని అటూ ఇటూ తిప్పి కాచాను. ఎవరో చెప్తే విన్నది కాదు, నా చేతులతో నేనే చేశాను. ఎందుకు చేయాల్సి వచ్చిందో రాస్తాను, నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

దుకాణం వెనక గదిలో నాకో చిన్న స్టూడియో ఉంది. స్టూడియో అంటే మరీ ఊహించుకోకండి. ఒక కంప్యూటర్, ఒక కీబోర్డు, ఒక మైకు, గోడలకు వేలాడదీసిన పాత బొంతలు. పెండ్లి పాటలు, బతుకమ్మ పాటలు, మొహర్రంకు పీరీల పాటలు, ఎలక్షన్లు వస్తే పార్టీల పాటలు. అందరివీ చేస్తాను. మా ఆవిడ షబానాకు ఆ బొంతలంటే మంట. ఇంట్లో మేం దక్కనీ మాట్లాడుకుంటాం గానీ నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఆమె తెలుగులోకి మారుతుంది. వీధిలో అందరికీ అర్థం కావాలని.

కంప్యూటర్‌లో వాయిద్యాలు ఎలా ఉంటాయో తెలియనివాళ్లకు రెండు మాటలు. తబలా ఉంటుంది, సన్నాయి ఉంటుంది, ఏది కావాలంటే అది ఉంటుంది. ఎవరో ఎక్కడో ఒక్కో దెబ్బ, ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసి పెట్టినవే అవన్నీ. మనం కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ రికార్డు మోగుతుంది. మెల్లగా నొక్కితే మెల్లటి దెబ్బ, గట్టిగా నొక్కితే గట్టి దెబ్బ. అంతే కథ. నెట్‌లో దొరికే డప్పులు మాత్రం నాకు నచ్చేవి కావు. అట్టపెట్టె మీద కొట్టినట్టుండేవి. మన డప్పు మనమే తయారు చేసుకుందామని కొమురయ్య కాకను పిలిచాను.

మా దగ్గర డప్పంటే కొమురయ్య కాకే. పెండ్లిళ్లు, బోనాలు, ఏది జరిగినా ముందు ఆయన మోత వినిపించాలి. చిన్నప్పుడు పీరీల పండుగకు మంట గుండం చుట్టూ మేం ఎగురుతుంటే కొట్టింది కూడా ఆయనే. మా అబ్బా, అంటే నాన్న, ఆయనను తమ్ముడూ అని పిలిచేవారు కాబట్టి నాకు కాక అయ్యాడు.

మంచి ఎండాకాలం మధ్యాహ్నం. మైకు ఫ్యాను చప్పుడు కూడా పట్టేస్తుందని ఫ్యాను ఆపేశాం. ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం. "కాకా, ఒక్క దెబ్బ కొట్టు. మోత మొత్తం ఆగేదాక ఉండు. మళ్ల ఒక్కటి" అన్నాను. అదే ఆయనకు చేతకాలేదు. కుడిచేతి సిర్ర, అంటే ఆ పొట్టి కర్ర, ఒక దెబ్బ వేయగానే ఎడమచేతి సన్నపుల్ల దానంతటదే లేచేది.

"ఒక్కటి గొట్టి ఆగుడేందిరా? తుమ్ము సగం తుమ్మి ఆపుమన్నట్టున్నది" అన్నాడు.

చివరికి ఎడమచేతి పుల్లను నేను లాక్కుని నా ఒళ్లో పెట్టుకుంటే గానీ పని జరగలేదు. మధ్యలో కుక్కర్ కూత, కోడిపుంజు, వీధిలో ఉల్లిగడ్డల బండి. అవి వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికి. కాసేపటికోసారి ఆయన వాకిట్లోకి వెళ్లి గడ్డి అంటించి డప్పు కాపుకుని వచ్చేవాడు. డప్పు తోలు వేడి తగిలితే బిగుస్తుంది, ఖంగుమంటుంది. తేమ తగిలితే చల్లబడి దబ్బుదబ్బుమంటుంది. అందుకే డప్పు కొట్టేవాళ్లు ఎక్కడికి పోయినా ముందు గడ్డి, అగ్గిపెట్టె వెతుక్కుంటారు.

రికార్డింగ్ అయ్యాక నేను కొంచెం గొప్పకు పోయాను. "కాకా, ఇగ నీ డప్పుకు మంట అక్కెర లేదు. వాన కాలమైనా సలికాలమైనా గిట్లనే మోగుతది."

ఆయన కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి, తన దెబ్బ తానే విని, చాలాసేపు ముసిముసిగా నవ్వుకున్నాడు. "మంచిగున్నది. నాకంటె నయమే" అన్నాడు.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక పెండ్లికి పోతూ ఆయన బండి మీంచి జారి పడ్డాడు. కుడి భుజం విరిగింది. వీపున కట్టుకున్న డప్పు కింద పడి చట్రం పగిలి తోలు చిరిగింది. భుజం అతికింది గానీ ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. అన్నం ఎడమచేత్తో తినలేక, కుడిచేతి దగ్గరికి తలే వంచుకుని తినేవాడు. అప్పుడు కూడా నన్ను చూస్తే ఆటపట్టించడమే. "నా డప్పు నీ డబ్బల వడ్డది. జర మంచిగ అర్సుకో" అనేవాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలిసేది కాదు.

ఇలా ఉండగా ఆయన చిన్న కూతురు లావణ్యకు పెండ్లి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. ఊళ్లో ఎందరో ఆడపిల్లల బరాత్‌లకు, అంటే పెండ్లి ఊరేగింపులకు, కొట్టిన మనిషి, "నా బిడ్డ బరాత్‌కు నేనే కొడత, ఇంకోణ్ని ముట్టనియ్య" అని ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ చెప్పుకున్న మనిషి. ఒకరోజు దుకాణానికి వచ్చి చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మా దోస్తులున్నరు, కొడ్తమంటున్నరు. వాళ్లు కొట్టనీ, వద్దన. గని నా బిడ్డ ఆడేటప్పుడు నాకు నా డప్పే గావాలె ఖాజా. అది నీ దగ్గరనే ఉన్నది గద. ఓ పాట చెయ్యి" అన్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి గొంతు ఆ మాట దగ్గర బొంగురుపోయింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటికప్పుడు ఒప్పుకున్నాను.

మర్నాడు లావణ్య విడిగా వచ్చింది. "అన్నా, బాపు డప్పు మోగకపోతె నేను బరాత్‌ల కాలు గూడ కదప. సెప్తున్న" అని వేలు చూపించి మరీ వెళ్లింది. పెండ్లికూతురు అలకంటే మామూలు విషయం కాదు.

పాట మా వీధిలోని పద్మక్క పాడింది. కీబోర్డు వాయించింది చెన్నూరులో ఉండే నా స్నేహితుడు శ్రీకాంత్. బొగ్గు గనుల క్వార్టర్లలో పెరిగినవాడు, ఏ పాటనైనా ఒక్కసారి వింటే పట్టేస్తాడు. నేను ఇక్కడి నుంచి ఫైళ్లన్నీ పంపితే వాడు అక్కడ వాయించి తిరిగి పంపేవాడు. అంటే కాక డప్పు మొత్తం వాడి కంప్యూటర్‌లో కూడా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

ఎండ కాసిన రోజుల్లో పాట బ్రహ్మాండంగా వచ్చింది. డప్పు ఖణేల్‌మంటుంటే షబానా వంటింట్లో అట్లకాడతో తాళం వేసింది. ఇక తుది మెరుగులే అనుకున్నాను. అప్పుడు ముసురు పట్టింది.

ఆ పొద్దున పాట తెరిచి మోగించాను. పద్మక్క గొంతు బాగుంది. కీబోర్డు బాగుంది. డప్పు మాత్రం దబ్ దబ్ మంటోంది. శ్రుతి దిగిపోయి, నానిన అప్పడం మీద కొట్టినట్టుంది.

నేను నవ్వాను. ఎక్కడో ఏదో సెట్టింగు మారి ఉంటుందిలే అనుకున్నాను. మా పనిలో ఇలాంటివి మామూలే. రికార్డింగ్ ఒక వేగంలో, పరికరం ఇంకో వేగంలో ఉంటే శ్రుతి దిగుతుంది. కానీ అలా అయితే పాటంతా దిగాలి, ఒక్క డప్పు కాదు. పైగా వేగం తగ్గితే దెబ్బ సాగాలి. ఇక్కడ దెబ్బ పొట్టిగా, చచ్చినట్టు ఆగిపోతోంది. కీబోర్డు మీద శ్రుతి మార్చే చక్రంలో దుమ్ము పడిందేమోనని కీబోర్డే పీకేసి మౌస్‌తో మోగించాను. అదే దబ్బు. హెడ్‌ఫోన్లు మార్చాను. సౌండ్ కార్డు మార్చాను. వేరే కంప్యూటర్‌లో పెట్టాను. ఫైలు పాడైందేమోనని, ఎప్పుడో దాచిన పాత నకలుతో పోల్చి చూశాను. రెండూ అచ్చంగా ఒకటే, చుక్క తేడా లేదు. ఆ పాత నకలు మోగిస్తే అదీ దబ్బుమంది. అప్పుడు నా తల ప్రాణం తోకకొచ్చింది.

శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. "జర ఆ డప్పు మోగియ్యిరా, ఫోన్ల ఇంట" అన్నాను. వాడు మోగించాడు. ఖంగుమంది. అదే ఫైలు. "అక్కడ వాన పడ్తుందా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"లేదన్న, ఎండ కొడ్తుంది. ఎందుకు?" అన్నాడు. ఏం లేదని పెట్టేశాను.

ముసురు ఆగలేదు. పెండ్లి దగ్గర పడుతోంది. నెట్‌లో కొన్న వేరే డప్పు పెట్టి చూశాను. లావణ్యను పిలిచి, ఏం చెప్పకుండా వినిపించాను. మొదటి దరువు పూర్తి కాకముందే హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "గిది మా బాపుది గాదు" అని నా మొఖం చూసింది. తిట్టినా బాగుండేది. ఆ పిల్లకు మాట ఇచ్చాను, కాకకు ఇచ్చాను, ఇప్పుడు చేతిలో ఉన్నది ఈ మెత్తటి దబ్బు. నిజంగా భయం వేసింది.

ఆ రోజు నేను బల్ల ముందు తల పట్టుకుని కూర్చుంటే షబానా గడప దగ్గర నిలబడి, తెలుగులో, వీధంతా వినేలా అంది: "పొద్దటి సంది గది దబ్బు దబ్బు అంటుంది, నువ్వేమో పరేషాన్ అయితున్నవ్. డప్పే గద? సల్లవడ్డది. కాపరాదు?"

వెక్కిరింతకే అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక, ఎవరూ చూడటం లేదు కదా అని ఇనుప సిగిడిలో, అంటే కుంపటిలో, కాస్త ఎండుగడ్డి వేసి అంటించాను. ముందు స్పీకరును మంట దగ్గర పెట్టాం. ఏం కాలేదు. షబానా అప్పటికే సరదాలో ఉంది. "డప్పు స్పీకర్ల ఉన్నదా, డబ్బలనా?" అంది. డప్పు ఉన్నది హార్డ్ డిస్కులో. బయటి హార్డ్ డిస్కు, చిన్న సబ్బుపెట్టె అంత ఉంటుంది. ఎలక్ట్రానిక్ వస్తువులకు వేడి తగలనివ్వకండని గిరాకీలకు రోజూ చెప్పే మనిషిని, దాన్ని పీకి మంట మీద అటూ ఇటూ తిప్పాను. గోరువెచ్చగా అయ్యాక మళ్లీ తగిలించి మెట్టు నొక్కాను.

ఖంగ్‌మంది.

షబానా నవ్వు ఆగిపోయింది. నాదీ ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. ఖంగ్. తెర మీద శ్రుతి చూపించే ముల్లు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ నిలబడింది. కాసేపటికి, బయట జల్లు పెరిగాక, మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

నేను రిపేరువాణ్ని కదా, ఊరుకోలేను. తర్వాత రోజుల్లో అన్నీ చేసి చూశాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వేడి చేస్తే ఏం కాలేదు. షబానా జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో ఊదితే ఏం కాలేదు, జుట్టు మిషన్ పాడు చేస్తున్నావని ఆమె తిట్టడం తప్ప. గ్యాసు పొయ్యి మీద పట్టుకున్నా కాలేదు. గడ్డి మంటకైతేనే లేచేది, కాగితం మంటకు సగం సగం. మెత్తటి మోతను రుజువుగా ఉంటుందని ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను. ఎండ వచ్చిన పూట వింటే ఆ రికార్డు కూడా ఖంగుమంటోంది. ఎవరికి చెప్పను? చెప్తే నా దుకాణానికి ఎవరైనా టీవీ తెస్తారా?

రెండు రోజులకు శ్రీకాంతే ఫోన్ చేశాడు. "అన్న, ఇక్కడ పొద్దటి సంది దంచి కొడ్తుంది వాన. నీ డప్పు ఫైలు ఖరాబైనట్టున్నది, మెత్తగ వస్తుంది. ఇంకోసారి పంపుతవా?"

అంతకుముందు వాడికి నేనేమీ చెప్పలేదు. ఇప్పుడు మెల్లగా, "తమ్మీ, ఎండుగడ్డి దొరుకుతదా నీకు?" అని అడిగాను. వాడు నేను తాగానేమో అనుకున్నాడు. నేను ముట్టనని వాడికి తెలుసు, అందుకని ఇంకా కంగారు పడ్డాడు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. "అన్న, కాపిన. లేసింది" అని మాత్రం అన్నాడు. అప్పటి నుంచి ఈ విషయం మేమిద్దరం పెద్దగా ఎత్తుకోం.

పాటను ఒకే ఫైలుగా చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే ఈ గొడవ వదులుతుందేమో అనుకున్నాను. వదల్లేదు. వాన పడితే పాటలో గొంతు, కీబోర్డు అలాగే ఉండేవి, డప్పు మాత్రం దిగేది. కాకకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. పెండ్లి రోజు రానే వచ్చింది. శ్రావణమాసం, సాయంత్రం బరాత్. పైన అల్లా దయ, కింద నా స్కూటర్ డిక్కీలో పాలిథిన్ కవర్లో చుట్టిన గడ్డి కట్ట. అగ్గిపెట్టె షబానా పెట్టింది. "రెండు వెట్టిన, ఒకటి తడిస్తె ఇంకోటి" అంది. ఈసారి వెక్కిరించలేదు.

పెండ్లి మధ్యాహ్నం చక్కగా జరిగింది. అప్పగింతలయ్యాయి, అందరూ ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, ఇక ఎగరడానికి తయారయ్యారు. మా వైపు బరాత్ అంటే అంతే, కన్నీళ్లు ఆరకముందే కాళ్లు కదులుతాయి. హాలు ముందు డీజే బండి వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే సన్నటి జల్లు మొదలైంది.

నేను డీజే నడిపేవాణ్ని బతిమాలి, మా పాట అప్పుడే వేయొద్దని చెప్పి, పెన్‌డ్రైవ్ పట్టుకుని బండి వెనక్కి పోయి గొడుగు కింద గొంతుక్కూర్చున్నాను. గడ్డి అంటించబోతే అగ్గిపుల్లలు తుస్సుమంటున్నాయి. ముందు నుంచి "పాట ఏడున్నదిరా" అని కేకలు. చెమట, వాన కలిసి కారుతున్నాయి. ఇంతలో వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. కొత్త పంచె, తలకు రుమాలు. కొమురయ్య కాక.

"ఏం జేస్తున్నవ్‌రా ఈడ?"

అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు. "డప్పు సల్లవడ్డది కాకా" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చేతిలో పెన్‌డ్రైవ్ చూశాడు, గడ్డి చూశాడు, వాన వైపు చూశాడు. "గట్ల వట్టుకుంటె కాలిపోతదిరా, ఇటు తే" అని ఎడమచెయ్యి చాపాడు.

తన ఈడువాళ్లు ఇద్దరు, డప్పు దోస్తులు, ఆయన వెనకే వచ్చారు. ఒకాయన ఏమీ అడక్కుండా గొడుగు పట్టాడు. ఇంకొకాయన నా పక్కనున్న రెండో అగ్గిపెట్టె తీసి అరచేతుల మధ్య గడ్డి అంటించాడు. కాక ఆ వేలెడు పెన్‌డ్రైవ్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మంటకు దగ్గరగా, దూరంగా, ఇటు తిప్పి అటు తిప్పి కాచాడు. మధ్యలో చెంపకు ఆనించుకుని చూశాడు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇంక జర" అన్నాడు. ఆ ముగ్గురి మొహాల్లో ఇందులో విచిత్రం ఉందన్న జాడే లేదు.

"ఆఁ, ఇగ వెట్టు" అన్నాడు.

డీజే బాక్సుల్లోంచి మొదటి దెబ్బ పడింది. వీధి వీధంతా ఖంగుమంది. అంత మంచి మోత నా గదిలో కూడా నేనెప్పుడూ వినలేదు. వాన పడుతూనే ఉంది, డప్పు మాత్రం దిగలేదు. లావణ్య ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు దోపింది. పెండ్లికొడుకు పక్కకు జరిగి దారి ఇచ్చాడు, మంచి పిల్లాడు. తండ్రికి ఎదురుగా వచ్చి, ఆయన కళ్లల్లోకి చూస్తూ ఆడింది. కాక కుడిచెయ్యి ఎప్పటిలాగే వేలాడుతోంది. మెడ మాత్రం దరువుకు తగ్గట్టు ఊగుతోంది. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేనూ అంతే, నా పక్కన నిలబడ్డ షబానా అంతే.

పాట నేను చేసింది కాబట్టి దాని ముగింపు ఎక్కడో నాకు తెలుసు. పద్మక్క చివరి చరణం పాడేసింది. కీబోర్డు ఆగింది. డప్పు ఆగలేదు.

ఒట్టి డప్పు మోగుతూనే ఉంది. నేను కొట్టించని దరువులు, లావణ్య కాలు వేగం పెంచితే వేగం, ఆమె మెల్లగా తిరిగితే మెల్లగా. డీజే అతని వైపు చూశాను. అతను రెండు చేతులూ పైకెత్తి, నేనేం ముట్టలేదన్నట్టు చూపించాడు. ఎగిరేవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఏదో కొత్త రీమిక్స్ అనుకున్నారు. హాలు దగ్గర నుంచి చౌరస్తా దాకా బరాత్ అలాగే నడిచింది.

చౌరస్తాలో కారు ఆగి ఉంది. లావణ్య ఆయాసపడుతూ వచ్చి తండ్రి ఎడమ భుజం మీద తల పెట్టింది. డీజే వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "సాలు బాపు" అంది. "కాళ్లు గుంజుతున్నయ్. ఇగ పోత."

కాక తల ఊపాడు. డప్పు ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయింది.

ఇంటికి రాగానే ఆ పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. పాట నేను చేసినంతే ఉంది, నేను ముగించిన చోటే ముగుస్తోంది. డీజే అతన్ని అడిగితే, "నీ పాటనే గంత పొడుగున్నదనుకున్న భాయ్" అన్నాడు. శ్రీకాంత్‌కు చెప్తే "అన్న, పడుకో" అన్నాడు. అప్పటి నుంచి ఎన్ని వానలు పడ్డాయో. డప్పు ఇప్పటికీ ముసురుకు దిగుతుంది, గడ్డి మంటకు లేస్తుంది. చౌరస్తా దాకా ఎలా మోగిందో మాత్రం నాకు అంతు చిక్కలేదు. ఎవరికైనా తెలిస్తే దుకాణానికి వచ్చి చెప్పండి, చాయ్ నాది.

ఇంకొక్కటి ఉంది. బరాత్ మర్నాడు పొద్దున కాకను పలకరించి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. బిడ్డ అత్తారింటికి పోయిన ఇల్లు, బోసిగా ఉంటుంది కదా అని. ఆయన అరుగు మీద చొక్కా విప్పి కూర్చున్నాడు. వాళ్లావిడ కుడి భుజానికి వేడి నూనె మర్దన చేస్తోంది. ఏమైందని అడిగితే, రాత్రి నుంచి చెయ్యి పట్టేసిందట, మోచేతి నుంచి మెడ దాకా ఒకటే గుంజుడట.

"లేవని చెయ్యి ఎట్ల గుంజుతుంది కాకా?" అన్నాను.

ఆయన నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూశాడు. "సౌరస్త దాక ఆపకుంట కొడితె గుంజదారా మరి?"

వాళ్లావిడ చేతిలోంచి నూనె గిన్నె తీసుకుని నేనే రాశాను. ఎన్నాళ్ల నుంచో కదలని ఆ భుజం నిజంగానే రాయిలా బిగుసుకుపోయి, వెచ్చగా ఉంది.